నీ ఓడలో నేను చేసిన పని

దిల్‌సుఖ్‌నగర్,
1 అక్టోబర్ 2011, శనివారం.

ఈరమ్మా, ముందు ఒక్క మాటకు జవాబు చెప్పు: లేని మనిషిని చూసి కుళ్లుకునే మొగుణ్ణి నువ్వెక్కడైనా చూశావా? చూడకపోతే ఇదిగో, నేనున్నాను.

సోలాపూర్‌లో చెల్లెలింట ఉన్న నా ఇల్లాలికి దీవెనలతో రాయునది. ఇక్కడ నేనూ మన మహేందరూ ప్రాణాలతో, కాస్త ఆకలితో, బాగానే ఉన్నాం. అండాలమ్మ ఆపరేషన్ కుట్లు మానాయనీ, లేచి నాలుగడుగులు వేస్తోందనీ రాశావు. భగవంతుడు చల్లగా చూశాడు. "ఫోన్ల అయితే నువ్వే మాట్లాడతవు, ఉత్తరమైతే నా వంతు కూడ వస్తది" అన్నావు కాబట్టి, మైకు పట్టినంత సులువుగా కలం పట్టలేని నేను ఈ కాగితం ముందు కూర్చున్నాను. భగవద్గీత పక్కనే ఉంది. కానీ ఇవాళ తెరవకుండా రాయాలనుకుంటున్నాను. ఎంతవరకు సాగుతుందో చూద్దాం.

ఏం తింటున్నావని అడిగావు. పగలంతా తెలంగాణ సమ్మె శిబిరంలోనే తిండి. బస్సులు డిపో దాటి పన్నెండు రోజులైంది. మొన్న ఎల్బీనగర్ చౌరస్తాలో వంటావార్పు పెట్టాం. రోడ్డుకు అడ్డంగా రాళ్లపొయ్యిలు పెట్టి డ్రైవర్లూ కండక్టర్లూ కలిసి వండటం, అక్కడే కూర్చుని తినటం. నన్ను పప్పు గుండిగ దగ్గర నిలబెట్టారు. గరిటె తిప్పుతూ నేను ధర్మయుద్ధం గురించి అందుకున్నాను. కాసేపు విన్న డ్రైవర్ అంతయ్య, "బక్కన్నా, ధర్మం ఏడికి పోదు గని, జర పప్పు సూడు, వాసనొస్తుంది" అన్నాడు. అందరూ పడీ పడీ నవ్వారు. పప్పు నిజంగానే మాడింది. అదే తిన్నాం.

మహేందర్‌కు అబ్దుల్లాపూర్‌మెట్ స్టూడియోలో లైట్ల పని నడుస్తూనే ఉంది. ఆదివారం ఎవరి బండి మీదో ఎక్కి ఇంటికొస్తాడు. "అమ్మ ఎప్పుడొస్తది?" అని అడుగుతాడు, నా మొహం చూడకుండా గోడను చూసి. నేనూ గోడకే జవాబు చెప్తాను.

ఇక దుప్పట్ల మిల్లు క్యాంటీను సంగతి. "వంటకు ఉండిపొమ్మంటున్నరు, దసరాలోపల జవాబు చెప్పాలె. నాకైతే ఉండబుద్ధి అయితుంది" అని రాశావు. ఈరమ్మా, ఆ ఒక్క వాక్యాన్ని నేను పంచాంగం చూసినట్టు రోజూ చూస్తున్నాను. ఆ కిందే ఇంకో మాట రాశావు. "ఈడ అందరు ఈరమ్మక్కా ఈరమ్మక్కా అని నా సుట్టు తిరుగుతరు, ముచ్చట్లు సెప్పమంటరు" అని. నీ జొన్నరొట్టె తింటూ నీ ముచ్చట్లు వినే ఆ మిల్లు వాళ్లందరి మీదా నాకు ఒళ్లు మండిపోయింది. వాళ్ల పేర్లు నాకు తెలియవు. తెలిస్తే ఒక్కొక్కరి మీదా విడివిడిగా మండేది.

చివరగా అడిగావు: "నా ఓడ ఎట్లుంది? కేవరయ్య మంచిగున్నడా?" అని.

ఆ జవాబు రాయడానికే నాకు పది రోజులు పట్టింది. దానికి ముందు నా కుళ్లు ఎక్కడ మొదలైందో చెప్పాలి.

మన పై గదిలోకి భీమవరం పిల్ల బిందుమాధవి కిరాయికొచ్చి, ఆ వీడియోగేముల నల్లపెట్టెను మన టీవీకి తగిలించిన రోజు నాకు బాగా గుర్తుంది. "నా గదిలో టీవీ లేదు పిన్నిగారూ, ఒక్క గంట ఆడుకుని తీసేస్తాను" అంది. తీసిందా? కోచింగ్ సెంటర్లో పిల్లలకు ఫిజిక్స్ చెప్పే మనిషికి గంటంటే ఎంతో తెలియదా? నువ్వు బియ్యం ఏరుతూ తెర వంక చూసి "ఇది సినిమానా బిడ్డా?" అన్నావు. "సినిమానే పిన్నిగారూ, కాకపోతే ఇందులో నాయకుడు మనం చెప్పినట్టు వింటాడు" అంది. "అట్లనా! ఇంట్లున్న నాయకుడు ఒక్కనాడు వినకపాయె" అని నువ్వు నవ్వావు. ఇద్దరూ నా వైపు చూశారు. నేను పేపరు అడ్డం పెట్టుకున్నాను. పేపరు తలకిందులుగా ఉందని తరువాత చూసుకున్నాను.

ఆ ఆటలో, ఆరిపోతున్న సూర్యుడి దగ్గర చిక్కుకున్న మనుషులను కాపాడటానికి ఒక ఓడ ఆకాశంలో బయలుదేరుతుంది, దానికి నువ్వే కెప్టెన్. ముఖం మనమే దిద్దుకోవచ్చునట. విశాలమైన నుదురు, చెవుల పక్కన నెరిసిన వెంట్రుకలు, అచ్చం నీలాగే దిద్దుకున్నావు. "బొట్టు లేదా?" అని అడిగావు. లేదంది బిందు. "బొట్టు లేకుండ ఆకాశంలకెట్ల పోతది, అపశకునం" అని కాసేపు బాధపడి, చివరికి సర్దుకుని బయలుదేరావు. నీకు కుక్కర్ విజిల్ కూడా వినబడని రోజులు అప్పుడే మొదలయ్యాయి.

శత్రువు బలమేమిటో తెలుసుకోవాలని ఒకరోజు బిందునే అడిగాను. ఇంతకీ ఇందులో ఏముందమ్మా, రిమోటు అంటేనే భయపడే మనిషిని ఇలా లాగేసింది?

"ఇది రెండో భాగం బాబాయిగారూ. మొదటి దాంట్లో సగం టైము సంచి సర్దుకోవడానికే పోయేది. అరవై రకాల తుపాకులు, కవచాలు, ఏది అమ్మాలి, ఏది ఉంచాలి, ఒకటే లెక్కలు. ఇందులో అవన్నీ పీకి పారేశారు. మనుషులతో మాట్లాడాలి, నడవాలి, అవసరమైతే కాల్చాలి. అంతే."

నువ్వు తెర మీది నుంచి కళ్లు తిప్పకుండానే అన్నావు: "బరువు మొయ్యాల్సిన పని లేదంట. గదే నాకు నచ్చింది. ఇంట్ల ఎట్లనో మోస్తున్న గదా."

ఆ మాట నాకు ఎక్కడ తగిలిందో నీకు తెలియదు. మూటలు దించండి, మూటలు దించండి అని పద్దెనిమిదేళ్లుగా కర్మన్‌ఘాట్ హాల్లో గీత చెప్తూ గొంతు చించుకుంటున్నాను. నా మాట విని ఇంట్లోంచి ఒక పాత చెంచా అయినా పారేసినవాణ్ణి చూడలేదు. ఎవడో పేరు తెలియని దేశంలో కూర్చుని ఆట తయారుచేసినవాడు అరవై తుపాకులు పారేశాడు. నా పెళ్లాం వాడి దగ్గరికి పరుగెత్తింది! ఉపన్యాసకుడికి ఇంతకంటే అవమానం ఉంటుందా?

అదైనా భరించేవాణ్ణి. కెవార్‌ను భరించలేకపోయాను.

ఓడ అడుగున ఇంజన్లు బాగుచేసే మనిషి. బూడిద రంగు ఒళ్లు, చేతికి నాలుగే వేళ్లు, కళ్లు మాత్రం అమాయకంగా. నువ్వు వాడికి కేవరయ్య అని పేరు పెట్టావు. ప్రతి యుద్ధం అయ్యాక ఓడలో తిరిగి ఒక్కొక్కరినీ పలకరించటం నీకు అలవాటైంది. అందులోనూ మొదట వాడి దగ్గరికే. వాడు మాట్లాడి ఆగుతాడు. తెర మీద మూడు జవాబులు వస్తాయి. బిందు తెలుగులో చెప్తుంది. నువ్వు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఆలోచిస్తావు. నువ్వు ఎంతసేపు ఆలోచించినా వాడు అలాగే నీ మొహం చూస్తూ నిలబడి ఉంటాడు. తొందర లేదు, విసుగు లేదు. ఒకరోజు వాడు చచ్చిపోయిన తన అన్న సంగతి మొదలుపెట్టాడు. "సెప్పు బిడ్డా, నేనింటున్న" అన్నావు టీవీతో. కొంగుతో కళ్లు తుడుచుకున్నావు.

వంటింటి గుమ్మంలో నిలబడి చూశాను. మన పెళ్లై ఇరవయ్యారేళ్లు. నా ప్రవచనానికి నువ్వు కొంగుతో కళ్లు తుడుచుకోవటం రెండుసార్లు చూశాను. అందులో ఒకసారి నీ ఒళ్లో ఉల్లిగడ్డలున్నాయి.

ఆ మంటతోనే ఆ శనివారం హాల్లోకి పోయాను. ఆ రోజు నేనేమన్నానో నీకు చెప్పక్కర్లేదు, అయినా నా చేత్తో రాయాలి. నలభై మంది ముందు "మాయ ఎక్కడో లేదు, నా ఇంట్లోనే తీగలేసుకుని కూర్చుంది, నా భార్యే పొద్దస్తమానం దానికి హారతి పడుతోంది" అన్నాను. వేలెత్తి నిన్ను చూపించాను. ముందు వరుసలో కూర్చున్న ఇందిరాదేవమ్మగారు తల దించుకున్నారు. నువ్వు లేచావు. గుమ్మం దగ్గర ఆగి, గట్టిగా కూడా కాదు, మామూలుగానే అన్నావు: "ఆ బొమ్మ మనిషన్న నేనేమంటనో అని ఆగి సూస్తడు, మహేందర్ నాయినా. నువ్వు ఒక్కనాడు ఆగలే." తరువాతి వారమే అండాలమ్మ ఆపరేషన్ కబురొచ్చింది. నువ్వు సోలాపూర్ రైలెక్కావు. స్టేషన్‌లో కూడా నేనే మాట్లాడాను.

ఇప్పుడు అసలు సంగతి. ఇంతవరకు దాచింది.

సమ్మె మొదలయ్యాక బిందు కోచింగ్ సెంటరూ మూతపడింది. పెట్టె మన టీవీ కిందే ఉంది. ఒకరోజు శిబిరం నుంచి ఇంటికొచ్చి, నన్ను ఓడించినవాడి సంగతేమిటో తేల్చుకుందామని నీ ఆట తెరిచాను. మీటలు ఎలా నొక్కాలో బిందు చూపించింది. మాట్లాడేవాళ్లను దాటేసి ముందుకు పోయే మీట ఒకటుందని తెలిసింది. ఆ మీట నాకు మహా నచ్చింది. ఎవరు నోరు తెరిస్తే వాళ్లను దాటేశాను. కండక్టర్‌ని కదా, రైట్ రైట్ అంటూ బండి కదిలించటం అలవాటు. "బాబాయిగారూ, ఆయనేదో చెప్తున్నాడండీ, వినండి" అంది బిందు. "నాకు తెలుసులేమ్మా" అన్నాను. నువ్వు దాచుకున్న ఆటను చెరిపి దాని మీదే రాసుకోమంటారా అని తెర మీద ఇంగ్లీషులో అడిగిందట. చదవకుండానే అవునని నొక్కాను.

మూడు రోజుల్లో ఆఖరి ఘట్టానికి చేరాను. అక్కడ మంటల కొలిమి లాంటి ద్వారం ఒకటి ఉంది. ఎవరో ఒకరు లోపలికి పోయి దాన్ని తెరిచి పట్టుకోవాలి. ఎవరిని పంపుతావని ఓడ అడిగింది. ఇక్కడ అబద్ధం రాయలేను ఈరమ్మా. వాడి పేరు చూడగానే నా చెయ్యి దానంతటదే కదిలింది. పోనీ వీడు, అనుకున్నాను. కెవార్‌ను పంపాను.

తిరిగి రాలేదు.

బిందు నా పక్కకొచ్చి కూర్చుంది. తరువాత చెప్పింది: "పాత ప్రమాదంలో ఊపిరితిత్తులు కాలిపోయాయి, వేడి దగ్గర నిలబడలేను అని మీరు ఆడిన మొదటిరోజే ఆయన చెప్పాడు బాబాయిగారూ. మీరు దాటేశారు. వింటే ఇంకొకళ్లను పంపేవారు. అందరూ బతికేవారు." మళ్లీ వెనక్కి పోవచ్చు కదమ్మా అన్నాను. "పిన్నిగారి ఆట మీదే రాసేసుకుందండీ. వెనక్కేమీ లేదు."

తెర మీద శవపేటిక. చుట్టూ ఓడలోని వాళ్లంతా. వాళ్ల ముందు కెప్టెన్, అంటే నువ్వు. నీ నుదురు, చెవుల పక్కన నీ నెరిసిన జుట్టు. నేను చేసిన పనికి నువ్వు తల వంచుకుని నిలబడ్డావు. ఏమంటావని మూడు జవాబులు వచ్చాయి. మన కాలనీలో ఎవరు పోయినా నన్నే పిలుస్తారు కదా, ఆత్మకు చావు లేదని అరగంట చెప్పి పంపుతాను. ఆ మూడింటిలో ఒక్కటీ నొక్కలేకపోయాను. ఆట నా కోసం ఆగే ఉంది. చివరికి కరెంటు పోయి తెర ఆరిపోయింది. ఈ సమ్మెతో బొగ్గు రాక రోజూ పోయే కరెంటే, ఆ రోజు నన్ను కాపాడింది.

చీకటి తెర ముందు కూర్చుంటే గీత గుర్తొచ్చింది. చూడు, తెరవకుండా రాస్తానన్నాను, సాగలేదు. యుద్ధం మధ్యలో రథం ఆపించి అర్జునుడు ఏడుస్తాడు కదా. మొదటి అధ్యాయం రెండో సగమంతా వాడి దుఃఖమే. సారథి మధ్యలో అడ్డం రాడు, పూర్తిగా విన్నాకే నోరు తెరుస్తాడు. పద్దెనిమిదేళ్లలో ఆ మొదటి అధ్యాయాన్ని నేనెప్పుడైనా పూర్తిగా చెప్పానా? పది నిమిషాల్లో ముగించి, మనం చెప్పే వంతు ఎప్పుడొస్తుందా అని రెండో అధ్యాయంలోకి దూకేవాణ్ణి. హాల్లోనూ నేను నొక్కింది ఆ మీటే.

మర్నాడు ఆట మొదటినుంచి మొదలుపెట్టాను. నీ ముఖం మళ్లీ దిద్దించాను, బిందు మూడుసార్లు సరిచేసింది. ఈసారి ఎవరినీ దాటెయ్యటం లేదు. బిందు తెలుగులో చెప్పేదాకా ఆగుతున్నాను. కెవార్ అన్న గురించి చెప్పింది మొత్తం విన్నాను. చిన్నప్పటినుంచీ వాడి తరఫున అన్నే మాట్లాడేవాడట. అన్న పోయాక తన గొంతు తనకే కొత్తగా ఉందంటాడు. ఇందుకా నువ్వు ఏడ్చింది? ఆ రోజే అడిగి ఉంటే చెప్పేదానివి.

ఆ ఆట నిన్నెందుకు పట్టుకుందో ఇప్పుడు నాకు తెలుసు. పేలుళ్లూ వెలుగులూ కాదు. ఒక మనిషి వంట చేసిందా, ఇల్లు ఊడ్చిందా అని చూడకుండా, నువ్వేమంటావు అని అడిగి, నువ్వు అనేదాకా కథనే ఆపేస్తుంది. నువ్వు అన్నదాన్ని బట్టి ముందుకు పోతుంది. ఇంతే. ఇది నేనివ్వవలసింది.

మొన్న కెవార్ మాట అయ్యాక, ఓడలో అందరినీ పలకరించిన ఊపులో, బిందు వైపు తిరిగి "నీకేమన్నా చెప్పేదుందా బిడ్డా?" అన్నాను. ఊరికే అన్నాను. ఆ పిల్ల ఆట ఆపి చెప్పింది: "శిబిరం ముందునుంచి వస్తుంటే మైకులో మీ గొంతు వినబడింది బాబాయిగారూ. ఆంధ్రోళ్లు మూటలు సర్దుకోవాలన్నారు. నేను పైకెళ్లి నిజంగానే సంచి దించాను. ఇంతలో పిన్నిగారు సోలాపూర్ నుంచి ఫోన్ చేసి, తిన్నావా బిడ్డా అన్నారు. సంచి మళ్లీ పైన పెట్టేశాను."

తెలంగాణ రావాలి. ఆ మాట మీద నిలబడ్డాను, వచ్చేదాకా నిలబడతాను. కానీ మైకులో అరిచినప్పుడు మన పై గది నాకు గుర్తు రాలేదు. జవాబు చెప్పబోయి మానేశాను. తరువాత "తప్పయిందమ్మా" అన్నాను. ఆ మూటల మాట మైకులో కూడా ఇక అనను.

కానీ ఈరమ్మా, ఆ పిల్ల చెప్పినదాంట్లో నాకు మొదట గుచ్చుకున్నది ఏదనుకున్నావు? నేను ఫోన్ చేస్తే అండాలమ్మకిచ్చేస్తావు, బిందుకు నువ్వే చేసి తిన్నావా అని అడుగుతావు! మారాడు బక్కయ్య అని ఎవరితోనూ అనకు. అసూయ లేనివాడికే రహస్యం చెప్తానని తొమ్మిదో అధ్యాయం మొదట్లోనే ఉంది. ఆ లెక్కన నాకు ఏ రహస్యమూ దక్కదు. బిందు మీద కుళ్లు, మిల్లు వాళ్ల మీద కుళ్లు, నిన్ను రోజూ చూస్తున్న అండాలమ్మ మీద కూడా కుళ్లే. చచ్చిన కెవార్ మీద కొంచెం తగ్గింది, అంతే.

ఇదీ నీ ఓడ సంగతి. నీ పాత ఓడ లేదు. అందులోని కేవరయ్యను నేను చంపాను. నీ మూడు నెలల ముచ్చట్లను తుడిచేశాను. కొత్త ఓడ సగం దూరంలో ఉంది, అందులో వాడు బతికే ఉన్నాడు. కానీ వాడితో మాట్లాడింది నువ్వు కాదు, నేను. ఇది నీ ఓడకు బదులు కాదని నాకు తెలుసు. నన్ను తిట్టాలనుంటే పూర్తిగా తిట్టు, మధ్యలో అడ్డం రాను.

క్యాంటీను గురించి నేను ఉపన్యాసం చెప్పను. నీకు ఉండబుద్ధి అవుతున్నది ఆ పని మీద ఇష్టంతోనా, నా మీద విరక్తితోనా? నాకు తెలియదు. పని మీద ఇష్టమైతే ఉండు. మహేందరూ నేనూ వండుకుంటాం, సెలవు దొరికినప్పుడల్లా నేనే వస్తాను. నా మీద విరక్తయితే, ఆ మాట నీ నోటితో వినాలి. అండాలమ్మ నోటితో కాదు.

బుధవారం సోలాపూర్ రైలుకు సంచి సర్ది పెట్టుకున్నాను. సమ్మెలో ఉన్నవాణ్ణి, డ్యూటీ లేదు. రమ్మంటే దసరాకు అక్కడుంటాను. రావద్దంటే సంచి విప్పేస్తాను. రైళ్లు కూడా ఆపేస్తారని శిబిరంలో గట్టిగా అనుకుంటున్నారు, తరువాత చూద్దామంటే నేను కదలలేకపోవచ్చు. నాకు చెప్పటం కష్టమైతే బిందుమాధవికి ఫోన్ చేసి చెప్పు. అవును, బిందుకే చెప్పు. నీ మాట ఒక్క అక్షరం మార్చకుండా ఆ పిల్ల నాకు చేరుస్తుంది.

ఉత్తరం మడిచి దిండు కింద పెట్టకు. రొట్టె పెనం మీదుంటే అండాలమ్మను తిప్పమను. ఆలోచించి రేపు చెప్తాననకు. మిల్లువాళ్లకు జవాబు చెప్పకముందే, ఇవాళే, చదివిన ఈ నిమిషంలోనే చెప్పు: నన్ను రమ్మంటావా, వద్దా?

ఇట్లు,
నీ పెనిమిటి, మహేందర్ నాయిన,
బక్కయ్య